చిన్న చేపకే నా ఓటు

‘ఇటాలియన్ ఫుడ్ గుండెకు మంచిదట కదా డాక్టర్‌గారూ?’

ఓపీలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. అడిగేవారి చేతిలో సాధారణంగా ఒక లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఉంటుంది. అందులో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ. ‘ఇటాలియన్ అంటే మీరేం తింటున్నారు?’ అని తిరిగి అడుగుతాను. చీజ్ పిజ్జా అంటారు. కాస్త ఖరీదైన చోటికి వెళ్లేవారైతే తెల్లటి క్రీమ్‌లో ఉడికిన రొయ్యల పాస్తా అంటారు.

వారి ప్రశ్నలో నిజం ఉంది, జవాబులో లేదు. గుండెకు మంచిదని పేరు తెచ్చుకున్న ఇటలీ భోజనం దక్షిణాది తీరంలో రైతులు, జాలర్లు తిన్న భోజనం. ఇప్పటికీ దాన్ని చూడాలంటే పెద్ద హోటళ్లకు కాదు, ఆ ఊళ్లలో ఇరవై ముప్ఫై మంది కూర్చోగలిగే చిన్న చేపల హోటళ్లకు వెళ్లాలి. ఇలాంటి చిన్న హోటల్‌ను అక్కడ ట్రాటోరియా అంటారు. తరచూ ఒకే కుటుంబం నడుపుతుంటుంది. ఒకరు వంటింట్లో, ఒకరు వడ్డనలో ఉంటారు.

పిల్లలు అక్కడ చదువుకుంటున్న తల్లిదండ్రులు, టూర్ ప్యాకేజీల్లో వెళ్లే కుటుంబాలు ఇప్పుడు మన దగ్గరా ఉన్నాయి. వారికే కాదు, విజయవాడలోనో వరంగల్‌లోనో ఆదివారం సాయంత్రం కుటుంబంతో బయట తినేవారికి కూడా ఆ చిన్న హోటల్ నేర్పేది చాలా ఉంది. అది ఆలివ్ నూనె గురించి మాత్రమే కాదు.

పియోప్పి నుంచి మొదలుపెడదాం

నేపుల్స్‌కు దక్షిణంగా చిలెంతో అనే తీర ప్రాంతం ఉంది. అందులో పియోప్పి చిన్న జాలరి పల్లె. అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ అక్కడ ఇల్లు కట్టుకుని దశాబ్దాలపాటు ఉన్నారు. 1958లో మొదలైన ‘ఏడు దేశాల అధ్యయనం’ ఆయన ఆధ్వర్యంలోనిదే. ఎవరు ఏం తింటున్నారు, ఎవరికి గుండెజబ్బు వస్తోంది అని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం అది. దేశాలను ఎంచుకున్న తీరు మీద విమర్శలున్నాయి, వాటిని కొట్టిపారేయలేం. అయితే మధ్యధరా తీరపు తిండి మీద తర్వాత జరిగిన పరిశోధనలు చాలావరకు అటువైపే చూపాయి. 2010లో యునెస్కో ఆ ఆహార పద్ధతిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇటలీ తరఫున నిలిచింది చిలెంతోనే. కీస్ 2004లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. ఒక్కరి ఆయుష్షు దేనికీ రుజువు కాదు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి భోజనం బల్ల దగ్గరకు వెళ్దాం.

ఆ బల్ల మీద ఏముంటుంది?

ఇలాంటి హోటళ్లలో మెనూ కార్డు చాంతాడంత ఉండదు. ఆ రోజు పడిన చేపలేవో పలక మీద రాసి పెడతారు, లేదా వడ్డించేవారే నోటితో చెబుతారు. పెద్ద చేప అయితే వండకముందే తెచ్చి చూపించే అలవాటు చాలాచోట్ల ఉంది. కళ్లు మెరుస్తున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా అని మన అమ్మమ్మలు సంతలో చూసినట్టే అక్కడివారూ చూస్తారు.

ముందుగా చిన్న ప్లేట్లలో నెత్తళ్లు, ఆక్టోపస్ ముక్కలు, ఉడికించిన గుల్లలు వస్తాయి. తర్వాత పాస్తా. గుల్లలతో చేసే స్పగెట్టిలో ఉండేవి ఆలివ్ నూనె, వెల్లుల్లి, పార్స్‌లీ ఆకు, గుల్లల్లోంచి ఊరిన నీరు, ఒక్కోసారి కాస్త వైన్. క్రీమ్ ఉండదు. చేపల పాస్తా మీద చీజ్ చల్లడం అక్కడి ఆనవాయితీ కాదు. చీజ్ అడిగితే కొన్నిచోట్ల వింతగా చూస్తారు కూడా. మనిషికి 80 నుంచి 100 గ్రాముల ఎండు పాస్తా లెక్క. అదీ పూర్తిగా మెత్తబడనివ్వరు, పంటికి తగిలేలా దించేస్తారు. గట్టి గోధుమ రవ్వతో చేసి, ఇలా పలుకుగా వండిన పాస్తా మెత్తటి తెల్లన్నం కంటే నెమ్మదిగా చక్కెరగా మారుతుంది. షుగర్ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత చేప. నేపుల్స్ పరిసరాల్లో ‘ఆక్వా పాజ్జా’ అనే వంటకం ఉంది. ఆ మాటకు అర్థం ‘పిచ్చి నీళ్లు’. నీళ్లలో టమాటా, వెల్లుల్లి, కాస్త ఆలివ్ నూనె వేసి, అందులో చేపను మెల్లగా ఉడికిస్తారు. చింతపండు బదులు టమాటా ఉందన్న మాటే గానీ, మన చేపల పులుసుకు అది దూరపు చుట్టం. ఇందులో నూనె సలసల కాగదు, చేపలోని మంచి కొవ్వు కూడా పెద్దగా పాడవదు. పక్కన ఆకుకూరో, కాల్చిన వంకాయో ఒక ప్లేటు ఉంటుంది. దాన్ని అలంకరణగా కాకుండా విడి వంటకంగా అడిగి తెప్పించుకుంటారు. చేప తినని వాళ్లు కూడా ఆకలితో లేవక్కర్లేదు. చిలెంతోలో శనగలతో చేసే పాస్తా పాతకాలపు ఇంటివంట. పూర్తి శాకాహారులైతే అందులో చేప రసం కలిపారేమో ఒక్క మాట అడగాలి.

ఊరు మారితే వంట మారుతుంది. వెనిస్‌లో కవళ్లను వేయించి ఉల్లిపాయ, వెనిగర్‌లో ఊరబెడతారు. పలెర్మోలో కవళ్లతోనే పాస్తా చేస్తారు. లివోర్నోలో రకరకాల చేపలు కలిపి పులుసు కాస్తారు. వీటన్నిటికీ మూలం పేదరికం. బజారులో మంచి ధర పలికే చేప అమ్మకానికి వెళ్లిపోతే, మిగిలిన చిన్నా చితకా చేపలతో ఇంట్లో వండుకున్నవివి. ఇవాళ పరిశోధకులు మెచ్చుకునే కవళ్లు, నెత్తళ్లు ఆ మిగిలిపోయిన బుట్టలోవే.

మాత్ర కాదు, చేప

ఫిష్ ఆయిల్ మాత్రలు వేసుకుంటున్నామని చెప్పేవారు మా ఓపీలో చాలామంది కనిపిస్తారు. అమెరికా నుంచి కొడుకో కూతురో పంపిన పెద్ద డబ్బా. ‘చేప తింటారా?’ అంటే మాత్రం ‘ఇల్లంతా వాసనండీ’ అంటారు. చేప వాసన పడనివారు చేప నూనెను డబ్బు పెట్టి కొంటున్నారన్నమాట!

లెక్క చూద్దాం. వెయ్యి మిల్లీగ్రాముల మామూలు ఫిష్ ఆయిల్ మాత్రలో అసలైన ఒమేగా-3 కొవ్వులు (ఈపీఏ, డీహెచ్ఏ) సుమారు 300 మిల్లీగ్రాములే. 100 గ్రాముల కవళ్లలో అవి ఒక గ్రాము అటూ ఇటూగా ఉంటాయి. అంటే కనీసం మూడు మాత్రలకు సమానం. దానితోపాటు మంచి ప్రొటీన్, విటమిన్-డి, బీ12 వస్తాయి. నెత్తళ్లలాంటి చేపను ముల్లుతో సహా నమిలితే కాల్షియమూ అందుతుంది. ఇవేవీ ఆ మాత్రలో లేవు.

మాత్రల చరిత్ర కూడా ఇటలీతో ముడిపడినదే. గుండెపోటు వచ్చిన 11 వేలమందికి పైగా రోగుల మీద అక్కడ జరిగిన ‘గిస్సీ’ అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 ఇచ్చినవారిలో మరణాలు కొంత తగ్గాయి. మాత్రలకు గిరాకీ పెరగడానికి అదో కారణం. కానీ అమెరికాలో 25 వేలమందికి పైగా పాల్గొన్న ‘వైటల్’ అధ్యయనంలో, సాధారణ ఆరోగ్యవంతులకు పెద్ద గుండెజబ్బులను తగ్గించే విషయంలో ఆ మాత్రలు స్పష్టమైన మేలు చూపలేదు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. పెద్ద మోతాదుల్లో వాడితే గుండె లయ తప్పే ముప్పు కొంత పెరుగుతుందని కూడా తేలింది. ట్రైగ్లిజరైడ్స్ మరీ ఎక్కువగా ఉండి డాక్టర్ రాసిచ్చినవైతే ఆపకండి, అది వేరే సంగతి. మిగతావారు ఆ డబ్బుతో చేప కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పటినుంచో చెబుతున్నది వారానికి 100–200 గ్రాముల చేప. ఇందుకు సముద్రం దాటి వెళ్లక్కర్లేదు.

అక్కడ కూడా అన్నీ అమృతం కాదు

ఆ చిన్న హోటల్‌ను నెత్తికెత్తుకోవాలని నేను చెప్పడం లేదు. అక్కడా జాగ్రత్తపడాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది పచ్చి చేప, పచ్చి గుల్లలు. 1973లో నేపుల్స్‌లో కలరా చెలరేగినప్పుడు మసెల్స్ అనే గుల్లల మీదే అనుమానం పడింది. తీరంలో వాటిని పెంచే తావులను తొలగించారు. 1996–97లో పుగ్లియా ప్రాంతంలో వేలమందికి హెపటైటిస్-ఎ కామెర్లు సోకాయి. పచ్చి సీఫుడ్ తినే అలవాటు అందుకు ఒక ప్రధాన కారణం. నిమ్మరసంలో, వెనిగర్‌లో నానబెట్టిన చేప ఉడికినట్టు తెల్లగా కనిపిస్తుంది. కానీ అందులో ఉండే అనిసాకిస్ అనే నులిపురుగు పులుపుకు చావదు. అందుకే పచ్చిగా వడ్డించే చేపను ముందుగా మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని యూరప్ నిబంధన చెబుతోంది. గర్భిణులు, చిన్నపిల్లలు, కాలేయ జబ్బు ఉన్నవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు పచ్చివాటి జోలికి అసలు వెళ్లొద్దు.

రెండోది వేపుడు. చిన్న చేపల్ని పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించి ఇస్తారు. రుచికి తిరుగులేదు. నలుగురూ కలిసి ఒక ప్లేటు పంచుకోండి, అదే భోజనం అనుకోకండి.

మూడోది ఉప్పు. ఉప్పులో ఊరేసిన నెత్తళ్లు, వాటినుంచి తీసే రసం అక్కడ చాలా వంటల్లో పడతాయి. రోజుకు ఐదు గ్రాములలోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. బీపీ, గుండె, కిడ్నీ రోగులు ఊరేసిన వాటిని రుచి చూసి ఆపేయాలి.

నాలుగోది వైన్. ‘వాళ్లు తాగుతారు, బాగానే ఉన్నారు కదా’ అనే వాదన నేను చాలాసార్లు విన్నాను. సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. చేపకు తోడుగా మంచినీళ్లు చాలు.

వెళ్లేవారికి ఒక డాక్టర్ మాట

ఇటలీ భోజనం నెమ్మదిగా సాగుతుంది. ఒక ప్లేటుకూ ఇంకో ప్లేటుకూ మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. గుండెకూ మనసుకూ అది మంచిదే. కానీ భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారికి అదే ప్రమాదం. హోటల్‌కు బయల్దేరేముందే మందు వేసుకుని, అక్కడ ఆలస్యమైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. పళ్లెం మీ ముందుకొచ్చాకే మందు తీసుకోండి. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. మధ్యాహ్న భోజనం అయ్యాక చాలా హోటళ్లు మూసి, మళ్లీ రాత్రి ఏడు దాటాకే తెరుస్తాయి. నాలుగింటికి ఆకలేస్తే ఇబ్బందే. ఇంటినుంచి పట్టుకెళ్లిన వేయించిన శనగలు అప్పుడు పనికొస్తాయి.

గౌట్ ఉన్నవారికి నెత్తళ్లు, కవళ్లు, మసెల్స్ పడవు. వాటిలో ప్యూరిన్లు ఎక్కువ, యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు మళ్లీ మంట పెడుతుంది. రొయ్యలు, పీతలు పడనివారు ఆ సంగతి కూర్చోగానే చెప్పాలి. చేపలన్నిటికీ ఒకటే మూకుడు వాడే చిన్న వంటిళ్లవి. గర్భిణులు, చిన్నపిల్లలు స్వోర్డ్‌ఫిష్ లాంటి పెద్ద వేటచేపల్ని వదిలేయాలి. చిన్న చేపల్ని తిని బతికే పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది. చిన్నదాన్ని ఎంచుకోమనడానికి ఇది ఇంకో కారణం.

జేబు ఆరోగ్యం కోసం కూడా ఒక మాట. మెనూలో పెద్ద చేప ఎదురుగా ఉండే ధర చాలాసార్లు 100 గ్రాములది, చేప మొత్తానిది కాదు. దాన్ని వాళ్లు ‘ఎత్తో’ అంటారు. చేపను చూపించినప్పుడే బరువెంత, మొత్తం ఎంతవుతుంది అని అడగండి. బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి ఇంత చొప్పున కనిపిస్తే అది మోసం కాదు, కూర్చున్నందుకు, బ్రెడ్‌కు తీసుకునే మామూలు రుసుము. పేరు పక్కన చుక్క గుర్తు ఉంటే సాధారణంగా అది గడ్డకట్టించి నిల్వచేసిన సరుకు. దానివల్ల ఆరోగ్యానికి నష్టమేమీ లేదు.

పేరు కాపాడదు

అసలు బాధపడాల్సిన విషయం ఒకటుంది. మధ్యధరా ఆహారానికి పుట్టినిల్లయిన దేశాల్లోనే ఇప్పుడు పిల్లల బరువు ఎక్కువ. యూరప్‌లో అధిక బరువున్న పిల్లల శాతం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇటలీ ఒకటి. ఇటలీలో ముందు వరసలో ఉన్నది కంపానియా. ఆ పియోప్పి, ఆ నేపుల్స్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే. తాతల ప్లేటులో నెత్తళ్లు, శనగలు, ఆకుకూరలు. మనవల చేతిలో చిప్స్, కూల్‌డ్రింక్. ఊరు అదే, సముద్రం అదే, పేరు ప్రతిష్ఠలూ అవే. ప్లేటు మారింది, పిల్లల నడుము మారింది.

మనమూ ఆ దారిలోనే ఉన్నాం. కాకపోతే మనది ఇంకా విచిత్రం. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్న సామెత మన తీరానికి అచ్చంగా సరిపోతుంది. ఇటలీవాళ్లు గొప్పగా చెప్పుకునే ఆ నెత్తళ్ల చుట్టాలే మన విశాఖ, కాకినాడ రేవుల్లో బుట్టల్లో దిగుతాయి. కవళ్లు, కానాగంతలూ అంతే. వంజరం, చందువాల ధరతో పోలిస్తే అవి చవక. చవక కాబట్టే మధ్యతరగతి వాటిని చిన్నచూపు చూస్తుంది. ఇంటికి చుట్టాలొస్తే కవళ్లు వండామని చెప్పుకోవడానికి మొహమాటం! దేశంలో పడిన కవళ్లలో కొంత భాగం చేపల పిండి, చేప నూనె ఫ్యాక్టరీలకు పోతోంది. ఆ పిండి రొయ్యల మేతలోనూ కలుస్తుంది. పెంపకపు రొయ్యల్లో దేశంలోనే ముందున్నది మన ఆంధ్రప్రదేశ్. ఆ రొయ్యలనే క్రీమ్‌లో ముంచి, పైన చీజ్ కరిగించి, ఇటాలియన్ అని పేరు పెట్టి మనకు వడ్డిస్తున్నారు. రొయ్య తప్పేమీ లేదు. అందులో కొలెస్ట్రాల్ ఉన్నా గుండెకు చెరుపు చేసే సంతృప్త కొవ్వు చాలా తక్కువ. తప్పంతా దాని చుట్టూ పోసిన క్రీమ్‌ది.

తెలంగాణలో సముద్రం లేదు కదా అంటారా? చెరువు చేపలు రవ్వ, బొచ్చె, కొర్రమీను ఉన్నాయి. కవళ్లంత ఒమేగా-3 వాటిలో ఉండకపోవచ్చు. అయినా మటన్ బిర్యానీ బదులు వారానికి రెండుసార్లు చేపల పులుసు తింటే గుండెకు లాభమే. ఎండు నెత్తళ్లు వాడేవారు నీళ్లలో నానబెట్టి, రెండుమూడుసార్లు కడిగితే ఉప్పు కొంత దిగుతుంది. బీపీ ఉంటే వాటికంటే పచ్చివే కొని వండుకోండి. ఆలివ్ నూనె కొనే స్తోమత లేదని దిగులు వద్దు. వేరుశనగ నూనెలోనూ సగానికి దగ్గరగా అదే రకం కొవ్వు ఉంటుంది. ఏ నూనె అయినా కొలతగా వాడాలి. పెద్ద చెంచాకు వంద కేలరీలు దాటడంలో ఆలివ్‌కూ వేరుశనగకూ తేడా లేదు.

ఈసారి కుటుంబంతో బయటకు వెళ్లినప్పుడు, అది నేపుల్స్ వీధి అయినా నెల్లూరు రోడ్డయినా, నాలుగు ప్రశ్నలు అడగండి. ఇవాళ ఏ చేప వచ్చింది? వేపుడు కాకుండా ఎలా వండుతారు? పక్కన కూర ఏముంది? ప్లేటు ఎంతమందికి సరిపోతుంది? మంచి హోటల్ ఈ ప్రశ్నలకు చిరాకు పడదు. జవాబులు నచ్చితే కూర్చోండి. ఫోన్లు పక్కన పెట్టి, నిదానంగా, మాట్లాడుకుంటూ తినండి. వీలైతే ఇంటికి నడిచి వెళ్లండి.

నలభై ఏళ్లకే గుండెపోటుతో వచ్చేవాళ్లను మా వార్డులో చూస్తూనే ఉన్నాం. అందరినీ చేప కాపాడుతుందని నేను చెప్పను. పొగాకు మానాలి, బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవాలి, నడవాలి. కానీ వారానికి రెండుసార్లు ఆ ప్లేటులో ఏం పడుతుందన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలోని పని. వచ్చే ఆదివారం మార్కెట్‌లో వంజరం బేరం ఆడేముందు పక్క బుట్ట వైపు ఒకసారి చూడండి. కవళ్లు ఉంటే అరకిలో కట్టించండి. చుట్టాలొచ్చినా సరే.